శ్లాబు మీద శ్లాబు

ఎండాకాలంలో కరెంటు బిల్లు చేతికి రాగానే అందరి కళ్లూ పోయేది అడుగున ఉన్న రూపాయల అంకె మీదికే. పోయిన నెల ఎంత కట్టామో గుర్తుంటుంది. ఈ నెల ఎంతో కళ్లెదుటే ఉంటుంది. రెండింటి మధ్య తేడా చూసి గుండె గుభేలుమంటుంది. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాల్చామో మాత్రం ఎవరికీ గుర్తుండదు. గొడవంతా అక్కడే మొదలు. మార్చిలో 190 యూనిట్లు కాల్చిన ఇల్లు ఏప్రిల్‌లో 260 కాల్చిందనుకుందాం. వాడకం 37 శాతం పెరిగింది. ఆ ఇల్లు హైదరాబాద్‌లో ఉంటే కరెంటు ఛార్జీ 772 రూపాయల నుంచి 1,482కు, అంటే 92 శాతం పెరుగుతుంది. అదే ఇల్లు విజయవాడలో ఉంటే 807 నుంచి 1,323కు, 64 శాతం పెరుగుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరలతో వేసిన లెక్క ఇది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం, సర్దుబాట్లు ఇందులో కలపలేదు. మీటరు తప్పు తిరగనక్కర్లేదు, ఇంట్లోకి కొత్త వస్తువేదీ రానక్కర్లేదు, ధరలు పెంచుతూ కొత్త ఉత్తర్వు వెలువడనూ అక్కర్లేదు. అయినా బిల్లు రెట్టింపుకు దగ్గర పడుతుంది. ఎందుకంటే ఎండకూ యూనిట్లకూ మధ్య ఉన్నది తిన్నని గీత కాదు, యూనిట్లకూ రూపాయలకూ మధ్య ఉన్నదీ కాదు. నెత్తి మీద సిమెంటు శ్లాబు ఒకటి, బిల్లులో ధరల శ్లాబు ఇంకొకటి. ఒకటి పెంచిన దాన్ని రెండోది మళ్లీ పెంచుతుంది.

ముందు బిల్లులోని శ్లాబు సంగతి చూద్దాం. తెలంగాణలో ఇళ్లను నెలవారీ వాడకాన్ని బట్టి మూడు గుంపులు చేశారు. వంద యూనిట్ల లోపు ఆగితే మొదటి యాభైకి యూనిట్‌కు 1.95 రూపాయలు, తర్వాతి యాభైకి 3.10. వంద దాటి రెండొందల లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండొందలు దాటిందా, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. తొలి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50, అక్కడి నుంచి 10 రూపాయలు. సరిగ్గా 200 దగ్గర ఆగిన ఇంటికి 820 రూపాయలు పడితే, 201 కాల్చిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు పడుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. పాతరకం సీలింగ్ ఫ్యాను ఒకటి పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్ అవుతుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అది దాటిన నెల మొత్తం కట్టాల్సిందే కాబట్టి వాళ్లకు ఆ ఫ్యాను తిరుగుడు ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే. ఇది మెట్టు కూడా కాదు, గోడ.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి గుంపులే ఉండేవి. 2022 ఏప్రిల్‌లో వాటిని తీసేసి అందరికీ ఒకే పట్టిక పెట్టారు. 30 యూనిట్ల వరకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది మెట్ల ధర కిందే ఉంటుంది, ఎక్కిన మేరకే పై ధర పడుతుంది. అక్కడ రెండొందల ఒకటో యూనిట్ ఖరీదు ఆరు రూపాయలు, అంతే. మరి విజయవాడ బిల్లు కూడా ఎందుకంత ఎగిరింది? 190 యూనిట్ల దగ్గర ఆ ఇంటికి సగటున యూనిట్‌కు నాలుగుంపావు రూపాయలు పడుతోంది. ఆ ఇంటివాళ్ల మనసులో కరెంటు ధర అదే. కానీ కొత్తగా చేరిన 70 యూనిట్లు పట్టికలో పైమెట్ల మీద కూర్చుంటాయి కాబట్టి ఒక్కోటి 7 రూపాయల 38 పైసలకు తేలింది. హైదరాబాద్‌లో ఆ 70 యూనిట్లకు అదనంగా పడినవి 710 రూపాయలు, అంటే యూనిట్‌కు 10 రూపాయల 14 పైసలు. పట్టికలోని అత్యధిక ధరే పది రూపాయలు! నెలకు 800 యూనిట్లు దాటించే భవంతికి చివరి యూనిట్ పది రూపాయలకు దొరుకుతుంటే, 190 నుంచి 260కి జారిన మధ్యతరగతి ఇంటికి అంతకంటే ప్రియంగా పడుతోంది. పట్టికను ఎంత శ్రద్ధగా చదివినా ఈ సంగతి అందులో కనబడదు. లెక్క వేస్తేనే బయటపడుతుంది.

“మేం మాత్రం ఎప్పటిలాగే వాడుతున్నాం, ఆ 70 యూనిట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?” అన్నది తర్వాత వచ్చే ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. ఎండాకాలంలో బావిలో నీళ్లు తోడటంతో దీన్ని పోల్చుకోవచ్చు. ఎండ ముదిరితే ఇంటికి నీళ్లు ఎక్కువ కావాలి, అదే సమయానికి బావిలో నీటిమట్టం కిందికి పోతుంది. ఎక్కువ బొక్కెనలు తోడాలి, ప్రతి బొక్కెననూ ఎక్కువ లోతు నుంచి లాగాలి. ఏసీకీ ఈ రెండు కష్టాలూ కలిసే వస్తాయి. గది లోపల 24 డిగ్రీలు ఉంచదలచుకున్నప్పుడు బయట సగటున 32 ఉంటే తేడా 8. బయట 36 అయితే తేడా 12. గోడల గుండా, కిటికీల గుండా వచ్చే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి తోడాల్సిన వేడి ఒకటిన్నర రెట్లవుతుంది. పైగా బయట ఎంత వేడిగా ఉంటే ఆ వేడిలోకే ఇంకా వేడిని నెట్టడానికి కంప్రెసర్ అంత ఎక్కువ శ్రమపడాలి. వాతావరణ వార్తల్లో వినబడేది నాలుగు డిగ్రీల పెరుగుదల. ఏసీకి కనబడేది సగానికి సగం అదనపు పని, దాని మీద కొసరు. రిమోట్ మీద నంబరు మారలేదు, వేసే వేళ మారలేదు, ఆపే వేళ మారలేదు. అలవాటు అలాగే ఉంది, పని పెరిగింది.

ఇంటి శ్లాబు తన పాత్ర పోషించేది ఇక్కడే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దున్నించీ ఎండను తాగుతుంది. ఆ వేడి అడుగుభాగానికి దిగి గదిలోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. సూర్యుడు పడమటికి వాలాక, సరిగ్గా మనం పడకగదిలో ఏసీ వేసే వేళకు శ్లాబు అడుగు వేడెక్కి ఉంటుంది. చెయ్యెత్తి ముట్టుకుంటే తెలుస్తుంది. పై అంతస్తు వాళ్ల బిల్లుకూ మధ్య అంతస్తు వాళ్ల బిల్లుకూ ఎండాకాలంలో పొంతన కుదరకపోవడానికి ఇదే పెద్ద కారణం. రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతే శ్లాబు తన వేడిని ఆకాశానికి వదులుకుంటుంది. రాత్రి కూడా ఉక్కగా ఉంటే ఆ వీలు తగ్గిపోతుంది, మర్నాడు పాత వేడి మీద కొత్త ఎండ పడుతుంది. అందుకే బిల్లును నిర్ణయించడంలో పత్రికల్లో వచ్చే పగటి గరిష్ఠం కన్నా ఎవరూ పట్టించుకోని రాత్రి కనిష్ఠానికి ఎక్కువ పలుకుబడి ఉంటుంది.

కోస్తాలో ఇంకో లెక్క ఉంది. కాకినాడలోనో విశాఖలోనో ఏసీ పనిలో కొంత గాలిని చల్లబరచడమైతే, కొంత గాలిలోని తేమను పిండటం. ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకు దాదాపు 0.68 యూనిట్ల వేడిని వదులుతుంది. ఆ వేడిని కూడా ఏసీయే బయటికి తోడాలి. ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి తోడే యంత్రమైతే, ఏసీ నీళ్లు కారే గొట్టం కింద పెట్టిన పది లీటర్ల బక్కెట్ నిండేసరికి ఆ నీటి కోసమే దాదాపు రెండు యూనిట్లు ఖర్చయినట్టు. తలుపు సందుల నుంచి, సగం తెరిచిన బాత్రూం కిటికీ నుంచి వచ్చే ఉక్కగాలి ఎంత ఖరీదైనదో ఆ బక్కెట్ చెబుతుంది. అన్నట్టు, ఒకటిన్నర టన్ను ఏసీ అంటే దాని బరువు కాదు. రోజుకు ఒక టన్ను మంచును కరిగించేంత వేడిని తోడితే ఒక టన్ను సామర్థ్యమని ఐసు ఫ్యాక్టరీల కాలం నుంచి వస్తున్న కొలత అది.

ఫైవ్ స్టార్ ఏసీ కొన్నాం కదా, ఇంత ఎందుకు రావాలి అన్న అభ్యంతరానికి జవాబు ఆ స్టార్ల కాగితం మీదే ఉంది. ఇంధన సామర్థ్య బ్యూరో ఇచ్చే ఆ లేబుల్ మీద సంవత్సరానికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఫైవ్ స్టార్ యంత్రాలకు అది 750 చుట్టుపక్కల ఉంటుంది. ఆ సంవత్సరం అంటే 1,600 గంటలు మాత్రమే. బయటి ఉష్ణోగ్రతను 24 నుంచి 43 డిగ్రీల దాకా దేశానికంతటికీ ఒకే సగటుగా తీసుకుని వేసిన లెక్క అది. దాని ప్రకారం గంటకు అర యూనిట్ కూడా పట్టదు. రాత్రికి ఐదు గంటలు వేస్తే నెలకు 70 యూనిట్లు. మన లెక్కలో కొత్తగా చేరినవి సరిగ్గా అవే. కానీ రెంటచింతలకో రామగుండానికో మే నెల దేశ సగటు ప్రకారం నడవదు. అక్కడ అదే ఐదు గంటలకు అంతకంటే బాగా ఎక్కువ పడుతుంది. స్టార్లు అబద్ధం చెప్పవు, మన ఊరి ఎండ సంగతి వాటికి తెలియదంతే. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో అంచనా. రిమోట్‌లో 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకోవడం చాలా ఇళ్లలో ఉన్న నమ్మకం. యంత్రం ఎంత దూరం పోవాలో ఆ అంకె చెబుతుంది గానీ, ఎంత వేగంగా పోవాలో మామూలు ఏసీకి అది చెప్పదు.

ఏసీ లేని ఇళ్లలోనూ బిల్లు పెరుగుతుంది, కాకపోతే చడీచప్పుడు లేకుండా. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు ఉండాలి. చలికాలంలో వంటింట్లో 25 ఉంటే తేడా 21, ఎండాకాలంలో 35 ఉంటే 31. తలుపు రబ్బరు వదులైతే చెప్పనక్కర్లేదు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, అదే పనికి బీఎల్‌డీసీ ఫ్యాను 13తో సరిపెడుతుంది. బోరులో నీళ్లు అడుగంటితే ట్యాంకు నిండటానికి మోటారు ఎక్కువసేపు ఆడాలి.

ఇంత చెప్పినా మీటరు మీద అనుమానం పోదు. పోకూడదు కూడా. కాకపోతే అనుమానానికి కొలత ఉండాలి. ఇళ్లకు పెట్టే ఎలక్ట్రానిక్ మీటర్లకు అనుమతించే తప్పు సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ. 260 యూనిట్ల మీద అది రెండున్నర యూనిట్లు. మీటరు పాడైతే ఎంతైనా తప్పు చూపవచ్చు, కానీ ఎండాకాలం రాగానే ఊళ్లోని మీటర్లన్నీ ఒక్కసారి పాడవడం, వానలు పడగానే వాటంతటవే బాగవడం జరిగే పని కాదు. చక్రం తిరిగే పాత మీటరు ఉన్నప్పుడు ఇంత రాలేదనే మాటలో మాత్రం నిజముంది. సెట్‌టాప్ బాక్సు లాంటి చిన్న బరువులకు ఆ చక్రం బద్ధకించేది, అరిగిన మీటరైతే అసలు కదిలేదే కాదు. కొత్త మీటరు వాటినీ వదలకుండా లెక్కిస్తుంది. పది వాట్లు పీల్చే పెట్టె రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటే నెలకు ఏడు యూనిట్లు. అంటే తప్పు చూపింది పాత మీటరే, అది మనకు లాభించే తప్పు కావడంతో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. స్మార్ట్ మీటర్లకూ ఇదే వర్తిస్తుంది. అవి కొలిచే పద్ధతి వేరు కాదు, కొలిచినదాన్ని పంపే పద్ధతి వేరు. అయితే ఇలాంటి మీటర్లు ఒకేసారి ఎంత లోడ్ పడిందో కూడా గుర్తుపెట్టుకుంటాయి. ఏసీ, గీజరు, మోటారు ఒకే వేళ ఆడిన రోజున ఆ అంకె కనెక్షన్ తీసుకున్నప్పుడు ఒప్పుకున్న (కాంట్రాక్టెడ్) లోడ్‌ను దాటితే లోడ్ పెంచుకోమని నోటీసు, దానితోపాటు డిపాజిట్టూ వస్తాయి.

మీటరు సరిగానే ఉండి వైరింగ్ తప్పుగా ఉండటం అంతకంటే ఎక్కువగా జరిగేది, చాలామందికి తెలియనిది. ఇంట్లోకి ఫేజు వైరు మీదుగా పోయిన కరెంటు అంతా న్యూట్రల్ వైరు మీదుగా తిరిగి రావాలి. దొంగతనం పట్టుకోవడానికి మన మీటర్లలో చాలావాటిని రెండు వైర్లనూ కొలిచేలా, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకునేలా తయారు చేశారు. బోరు మోటారు కేబుల్ పొర చెడి కరెంటు నేలలోకి పోతుంటే ఆ నష్టం మన ఖాతాలోనే పడుతుంది. అపార్టుమెంట్లలో ఇంకో చిక్కు ఉంది. మరమ్మతుల్లో పక్క ఫ్లాట్ న్యూట్రల్‌ను మన న్యూట్రల్‌తో కలిపేస్తే వాళ్ల ఏసీ కరెంటు మన మీటరు గుండా తిరిగి పోతుంది, మీటరు దాన్ని కూడా మన వాడకంగానే రాసుకుంటుంది. మీటరు మీద ‘ఎర్త్’ అని ఉన్న చిన్న దీపం వెలుగుతుంటే ఈ అనుమానం మొదటిది. ఇంట్లో అన్నీ ఆపి, ప్లగ్గులు పీకేసి చూసినా పల్స్ దీపం కొడుతూనే ఉంటే ఇంటి వైరింగ్‌లో ఎక్కడో కారుతోందని అర్థం. మీటరును పరీక్షించడమూ పెద్ద విద్య కాదు. యూనిట్‌కు ఎన్ని పల్సులో దాని మీదే రాసి ఉంటుంది. 3,200 అని ఉంటే, మిగతావన్నీ ఆపి వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటీ వేడెక్కుతున్నప్పుడు నిమిషానికి 53 సార్లు దీపం వెలగాలి. అరవై దాటి కొడుతుంటే ఫీజు కట్టి మీటరు టెస్టు అడగడానికి ఆధారం ఉన్నట్టే. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల నాలుగైదు పల్సుల తేడా వస్తే దాన్ని పట్టుకుని తగవుకు పోనక్కర్లేదు.

బిల్లులోని కాలం లెక్క కూడా మనల్ని ఏమారుస్తుంది. రీడింగు తీసే మనిషి 28 రోజులకు వస్తే 190 యూనిట్లు కనబడే వాడకమే, 33 రోజులకు వస్తే 224గా కనబడుతుంది. అందుకే యూనిట్లను రోజులతో భాగించి చూడాలి, రోజుల తేడాకు తగ్గట్టు శ్లాబును సర్దారో లేదో కూడా అక్కడే తేలుతుంది. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణలో రీడింగులు ఆపేసి, అంతకుముందు ఏడాది అవే నెలల వాడకం ప్రకారం తాత్కాలిక బిల్లులిచ్చారు. జూన్‌లో అసలు రీడింగు తీసి మూడు నెలల సగటు కట్టేసరికి ఊరూరా గగ్గోలు పుట్టింది. అందరూ ఇళ్లలోనే ఉన్న ఎండాకాలం అది. యూనిట్లు నిజంగానే పెరిగాయి, ఆ సంగతి మాత్రం మూడు నెలలూ ఒకేసారి బయటపడింది.

ఇంతకంటే పొడుగైన ఆలస్యం సర్దుబాటు ఛార్జీలది. 2022 మార్చి, దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత వేడి మార్చి లేదు. గిరాకీ పెరిగి, బొగ్గు చాలక, విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలకు చేరింది. ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ 12 రూపాయల పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. విదేశీ బొగ్గు కలపమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. 2022-23 ఆర్థిక సంవత్సరంలో అంచనాకు మించి అయిన ఖర్చు కింద 6,072 కోట్ల రూపాయలు వసూలు చేసుకోవడానికి రాష్ట్ర నియంత్రణ మండలి 2024 చివర్లో అనుమతి ఇచ్చింది. డిసెంబరు నుంచి అది బిల్లుల్లో కనబడింది. ఒక ఎండాకాలపు వేడి రెండున్నరేళ్ల తర్వాత చలికాలపు బిల్లులోకి దిగిందన్నమాట. నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా పడే ఇంధన సర్దుబాటు దీనికి వేరు. ఇవి దాపరికపు దోపిడీ అనే వాదన తరచూ వినబడుతుంది. కొన్న కరెంటుకు డబ్బు ఎవరో ఒకరు కట్టాల్సిందేనన్నది నిజం. ఎప్పటి వాడకానికి, ఎన్ని యూనిట్లకు, ఎంత చొప్పున అన్నది బిల్లు మీద మామూలు మనిషికి అర్థమయ్యేలా లేకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. మధ్యలో ఇల్లు మారిన అద్దెదారు అడిగితే జవాబు చెప్పగలగాలి కదా. ఏటా ఒకసారి వచ్చే అదనపు డిపాజిట్టును కూడా చాలామంది ఛార్జీ అనుకుంటారు. రెండు నెలల బిల్లుకు సరిపడా సొమ్ము కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర ఉండాలన్న నియమం ప్రకారం అడిగేది అది, వడ్డీ మనకు జమవుతుంది. ఎండాకాలం వాడకం సగటును పైకి లాగిందంటే మరుసటి ఏడు డిపాజిట్టూ పెరుగుతుంది.

ఇక ఆ రెండొందల గోడ సంగతి. పేదలకు తక్కువ ధర అందాలంటే ఎక్కడో ఒక గీత గీయాలి గదా అని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. గీత ఉండాలి, ఒప్పుకుందాం. కానీ మీటరు కొలిచేది యూనిట్లను, పేదరికాన్ని కాదు. ఎనిమిది మంది ఉండే ఉమ్మడి కుటుంబం ఒకే మీటరు మీద రెండొందలు సులువుగా దాటుతుంది. అంతే సంపాదనతో వేరు కాపురాలు పెట్టిన అన్నదమ్ములు రెండు మీటర్ల మీద చెరొక వంద కాల్చి హాయిగా ఉంటారు. గీత దాటిన యూనిట్లకు ఎక్కువ ధర వేయడం ఒక పద్ధతి, దాటినందుకు వెనక్కి వెళ్లి మొదటి యూనిట్ నుంచీ ధర మార్చడం ఇంకో పద్ధతి. రెండోది లేకుండా పట్టిక నడపవచ్చని పక్క రాష్ట్రం 2022 నుంచి చూపిస్తూనే ఉంది. దాని వల్ల తగ్గే రాబడిని వేరే మెట్ల మీద సర్దాలి. ఏపీలో అలాగే సర్దారు, అట్టడుగు శ్లాబు ధర కూడా 1.45 నుంచి 1.90కి పెరిగింది. ఆ భారం చిన్నదేం కాదు. అయినా ఒక్క ఫ్యాను తిరుగుడుకు రెండొందల రూపాయలు వేసే లెక్క కంటే అది సమర్థించుకోదగినది.

నెత్తి మీది శ్లాబు విషయంలో తెలంగాణ ముందుంది. 2023లో దేశంలోనే మొదటిసారిగా కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్ల పూతో, తెల్ల టైల్సో వేసి ఎండను వచ్చిన దారినే తిప్పి పంపడం దాని సారం. పైన వేసుకున్న లెక్కలో లోపలికీ బయటికీ తేడా 12 ఉన్నచోట పది చేసినా తోడాల్సిన వేడి ఆరో వంతు తగ్గుతుంది. రెండొందలకు కాస్త పైన ఉన్న ఇల్లు ఆ గీత లోపుకు దిగడానికి అంతే సరిపోవచ్చు. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకు ఆ విధానం తప్పనిసరి. అంతకంటే చిన్న స్థలాల్లోని ఇళ్లకు ఇష్టమైతే చేసుకోవచ్చు. రెండొందల గీతకు అటూ ఇటూ తచ్చాడే ఇళ్లలో ఎక్కువ భాగం నూట యాభై, రెండొందల గజాల్లోనే ఉంటాయి.